34 ఏళ్ళకు బీఏ కోసం 6 లక్షల అప్పు చెయ్యొచ్చా? లోన్ల సీట్లో కూర్చున్నవాడిగా నా జవాబు

బిడ్డా అని పిలుస్తున్నా, ఏమీ అనుకోకు, నా పెద్ద కూతురిది కూడా నీ వయసే.

నువ్వు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. నీకు 34 ఏళ్ళు, సొంతూరు పరకాల దగ్గర, హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బిల్లింగ్ కౌంటర్లో 19 వేల జీతానికి చేస్తున్నావు. 2009లో ఇంటర్ సీఈసీ పాసై, పెళ్ళి కావడంతో చదువు ఆపేశావు. చరిత్ర, తెలుగు సాహిత్యం, రాజనీతి శాస్త్రం చదవాలని అప్పటి నుంచీ మనసులో ఉంది. ఇప్పుడు హైదరాబాద్ శివారులోని ఒక ప్రైవేటు యూనివర్సిటీవాళ్ళు మూడేళ్ళ లిబరల్ ఆర్ట్స్ బీఏ అని, ఏడాదికి 2 లక్షల ఫీజని, బ్యాంకు లోను తామే ఇప్పిస్తామని, చదువయ్యాక ఉద్యోగం గ్యారంటీ అని ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. ఉద్యోగం మానేసి, రోజూ కాజీపేట నుంచి రైల్లో పోయి వస్తూ చదవాలా, వద్దా అన్నది నీ ప్రశ్న.

నా మాట ముందే చెప్తున్నా. చదువు, తప్పకుండా చదువు. కానీ ఆ 6 లక్షలు తీసుకోకు, ఉన్న ఉద్యోగం మానకు. ఇవి రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు, ఆ ఫోన్ చేసేవాళ్ళే రెంటినీ కలిపి ముడేశారు.

నేను 1984లో ఇంటర్ మీద బ్యాంకులో క్లర్కుగా చేరాను. ములుగు, భూపాలపల్లి, జనగామ, వరంగల్ బ్రాంచీల్లో తిరిగి, చివరి పదకొండేళ్ళు లోన్ల సీట్లోనే కూర్చున్నాను, 2023లో రిటైరయ్యాను. మధ్యలో నేను కూడా నీలాగే ఉద్యోగం చేస్తూ బీఏ చదివాను, తర్వాత కాకతీయ యూనివర్సిటీ దూరవిద్యలో చరిత్రలో ఎంఏ చేశాను. కాబట్టి ఆర్ట్స్ చదివి ఏం లాభం అనేవాళ్ళ మాట నేను మాట్లాడను. ఆ మాట నన్ను కూడా చాలామంది అన్నారు.

ముందు లెక్క చూద్దాం. కాగితం, పెన్ను తీసుకుని నువ్వు కూడా వెయ్యి.

ఏటా 2 లక్షల చొప్పున మూడేళ్ళు బ్యాంకు కట్టిందనుకుందాం. మిత్తి 11 శాతం అనుకో, కొన్ని బ్యాంకుల్లో కొంచెం తక్కువ ఉండొచ్చు, కొన్నిచోట్ల ఎక్కువ. చదువుకునే మూడేళ్ళు, ఆ తర్వాత ఇంకో ఏడాది కిస్తీ కట్టక్కర్లేదు, దాన్నే మారటోరియం అంటారు. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. కిస్తీ లేదంటే మిత్తి లేదని కాదు. మొదటి ఏడాది ఇచ్చిన 2 లక్షల మీద నాలుగేళ్ళ మిత్తి 88 వేలు, రెండో ఏడాదిది 66 వేలు, మూడో ఏడాదిది 44 వేలు, మొత్తం 1 లక్షా 98 వేలు. అంటే నువ్వు మొదటి కిస్తీ కట్టే రోజుకు నీ అప్పు 6 లక్షలు కాదు, 8 లక్షలకు రెండు వేలు తక్కువ. దాన్ని పదేళ్ళలో తీర్చాలంటే నెలకు 11 వేలు. పదేళ్ళకు నువ్వు కట్టేది 13 లక్షల పైమాట. నెల కిస్తీ తగ్గాలని పదిహేనేళ్ళు పెట్టుకుంటే 9 వేల చిల్లర అవుతుంది, కానీ మొత్తం 16 లక్షలు దాటిపోతుంది.

ఇది సగం లెక్కే. నువ్వు మానేసే 19 వేల జీతం ఎవరూ లెక్కలో వెయ్యరు. 36 నెలలకు 6 లక్షల 84 వేలు. ఫీజు కంటే ఇదే ఎక్కువ, చూశావా? ఫీజుకైతే అప్పు దొరుకుతుంది, జీతం పోయిన చోటుకు ఎవరూ లోను ఇవ్వరు, అది ఇంట్లోంచి పోతుంది, లేకపోతే చిట్టీ ఎత్తి, బంగారం కుదువ పెట్టి, సంఘంలో తీసుకుని నింపాలి. మీ ఆయనకు ఎలక్ట్రికల్ షాపు ఉందన్నావు, సీజన్ బాగున్న నెల బాగుంటుంది, లేని నెల లేదు. ఆ లేని నెలల్లో ఇల్లు నడుస్తున్నది నీ 19 వేల మీదే అని నాకు అనిపిస్తోంది, నువ్వు రాయలేదు గానీ.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ బీఏ వల్ల నీ జీతం ఎంత పెరుగుతుంది? "బీఏ అయ్యాక ఎంత జీతం వస్తుంది" అని అడగకు, "బీఏ వల్ల ఎంత పెరుగుతుంది" అని అడుగు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. హనుమకొండలో, వరంగల్లో మామూలు బీఏతో ప్రైవేటులో 38 ఏళ్ళ మనిషికి 24, 25 వేలు ఇస్తే మంచి జీతమే. కానీ నువ్వు ఏమీ చదవకుండా ఇదే కౌంటర్లో ఉన్నా, ఏటా వెయ్యి చొప్పున పెంచినా, నాలుగేళ్ళకు 23 వేలు అయ్యేదే. అంటే డిగ్రీ తెచ్చిన పెరుగుదల నెలకు రెండు వేలు. సరే, ఉదారంగా ఐదు వేలే అనుకుందాం. ఐదు వేలు పెరగడానికి నెలకు 11 వేల కిస్తీ ఎలా కడతావు?

నేను లోన్ల సీట్లో ఉన్నప్పుడు అడిగినవాళ్ళకు ఒక కొలత చెప్పేవాణ్ణి. ఇది బ్యాంకు రూలు కాదు, నా అనుభవంలో తేలింది. చదువు కోసం తీసుకున్న అప్పు కిస్తీ, ఆ చదువు వల్ల పెరిగే జీతంలో సగం దాటొద్దు. మిగతా సగం ఇంటికి రాకపోతే ఇంట్లోవాళ్ళకు ఆ చదువు మీదే కోపం వస్తుంది. నీకు ఐదు వేలు పెరుగుతుందనుకుంటే కిస్తీ రెండున్నర వేలు దాటకూడదు, అది ఐదేళ్ళలో తీరాలంటే 11 శాతం మీద నువ్వు తీసుకోదగ్గ అప్పు సుమారు లక్షా పదిహేను వేలు. 6 లక్షలు ఎక్కడ, లక్షా పదిహేను వేలు ఎక్కడ.

ఇంకో మాట, ఇది నువ్వు ఆలోచించావో లేదో. మీ పెద్దోడు ఇప్పుడు ఏడో తరగతి అన్నావు. నాలుగేళ్ళకు, సరిగ్గా నీ కిస్తీ మొదలయ్యే నెలకు, వాడు ఇంటర్లో ఉంటాడు. ఇంకో రెండేళ్ళకు వాడికి లోను కావాలి. అప్పుడు వాడి పక్కన సహ రుణగ్రహీతగా సంతకం పెట్టాల్సింది నువ్వో మీ ఆయనో. అప్పటికే మీ ఇద్దరి పేర్ల మీద 8 లక్షలు నడుస్తుంటే, అందులో రెండు కిస్తీలు ఆలస్యమై ఉంటే, సిబిల్ (మీ అప్పుల చరిత్ర) చూసి బ్యాంకువాళ్ళు వాడి కాగితాలు పక్కన పెడతారు. నేనే పక్కన పెట్టాను అలాంటివి, పెట్టక తప్పలేదు.

ఆ ఫోన్ చేసేవాళ్ళు చెప్పే మిగతా మాటల సంగతి కూడా చూద్దాం, ఎందుకంటే అందులో అబద్ధం తక్కువ, సగం నిజం ఎక్కువ.

జమానతు అక్కర్లేదు అంటారు. నిజమే, ఏడున్నర లక్షల వరకు కేంద్రం క్రెడిట్ గ్యారంటీ ఉంది కాబట్టి ఆస్తి తాకట్టు, మూడో మనిషి హామీ అడగకూడదు. కానీ సహ రుణగ్రహీత ఉండాలి, పెళ్ళైనవాళ్ళకైతే భర్తో, అత్తామామలో. ఆ గ్యారంటీ బ్యాంకు నష్టానికి, నీకు మాఫీ కాదు. మూడు నెలలు కిస్తీ ఆగితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది, నోటీసు నీకూ మీ ఆయనకూ ఇద్దరికీ వస్తుంది.

మిత్తి ప్రభుత్వమే కడుతుంది అంటారు. ఏటా నాలుగున్నర లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు చదువుకునే కాలంలో మిత్తి కట్టే కేంద్ర పథకం ఉంది, 2009 నుంచీ ఉంది, కానీ అది వృత్తి విద్యకు, సాంకేతిక కోర్సులకు. మామూలు బీఏ అందులోకి రాదు. 2024 నవంబరులో పీఎం విద్యాలక్ష్మి అని కొత్తది వచ్చింది, అందులో 8 లక్షల లోపు ఆదాయమున్నవాళ్ళకు 10 లక్షల వరకు లోను మీద 3 శాతం మిత్తి రాయితీ ఉంది, కానీ కేంద్రం కాలేజీలకు ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్ని బట్టి ఎంపిక చేసిన విద్యాసంస్థలకే. నీకు ఫోన్ చేస్తున్న యూనివర్సిటీ ఆ జాబితాలో ఉందో లేదో పోర్టల్లో నువ్వే చూడు, వాళ్ళ నోటి మాట మీద పోకు.

ఇన్‌కంటాక్స్ మినహాయింపు ఉందంటారు. విద్యారుణం మిత్తి మీద ఎనిమిదేళ్ళ వరకు మినహాయింపు ఉన్న మాట నిజం, అది కూడా పాత పద్ధతిలో రిటర్న్ వేసేవాళ్ళకే. ఏడాదికి 2 లక్షల 28 వేలు సంపాదించే నువ్వు అసలు పన్నే కట్టవు, ఇంక మినహాయింపు దేనికి?

ఉద్యోగం గ్యారంటీ అంటే, ఏ కంపెనీ, ఏ పోస్టు, ఎంత జీతం, ముప్పై దాటిన ఎంతమందికి పోయినేడాది వచ్చింది అని ఒక మెయిల్లో రాసి పంపమను. రాసి పంపితే నాకు కూడా చూపించు.

ములుగు వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చేవాడు మా బ్రాంచికి. 31 ఏళ్ళకు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పని మానేసి, ఒక ప్రైవేటు కాలేజీలో చేరడానికి 5 లక్షలు తీసుకున్నాడు. మూడేళ్ళు చదివాడు, మంచి మార్కులతో పాసయ్యాడు, చెడు అలవాటు ఒక్కటి లేదు. కిస్తీలు ఆగాక ఒకరోజు తల్లిని తీసుకుని వచ్చాడు, మేము పంపిన నోటీసు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో ఉంది, మడతల దగ్గర కాగితం చిరుగుతోంది. అప్పటికి అతని జీతం 16 వేలు, మానేసిన ఉద్యోగంలో ఉన్నా అంతే వచ్చేది. తల్లి సహ రుణగ్రహీత, వేలిముద్ర వేసింది. ఆమె నన్ను అడిగింది: "సారూ, మావోడు చదివింది పాసైండు గదా, పాసైతే సుత మిత్తి ఉంటదా?" ఫెయిలైనవాళ్ళే కట్టాలి అనుకుందామె. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. పదేళ్ళు దాటింది, ఇప్పటికీ లోను గురించి ఎవరు అడిగినా ఆ మడతల కాగితమే గుర్తొస్తుంది. నీకింత పొడుగ్గా రాయడం కూడా అందుకే.

మరి నా బీఏ ఎలా కలిసొచ్చింది అంటావేమో. నాకు బయట ఒక కారణం ఉండింది. అప్పట్లో బ్యాంకు క్లర్కు డిగ్రీ పాసైతే రెండు ఇంక్రిమెంట్లు ఎక్కువ ఇచ్చేవారు, ఆఫీసరు ప్రమోషన్‌కు కూడా దారి తెరుచుకునేది. నా డిగ్రీ కోసం ఒక జీతం ముందే రాసిపెట్టి ఉంది, నేను పోయి అందుకోవడమే. అందుకే నిన్ను అడుగుతున్నా, నీ డిగ్రీ కోసం ఎదురుచూస్తున్న పోస్టు ఎక్కడైనా ఉందా? మీ ఆసుపత్రిలోనే హెచ్ఆర్ దగ్గరికి పోయి అడుగు, "నాకు డిగ్రీ ఉంటే ఏ పోస్టుకు తీసుకుంటారు, ఎంత ఇస్తారు" అని. వాళ్ళు చెప్పే అంకె నీకు ఫోన్ చేసే ఆ కౌన్సెలర్ చెప్పే అంకె కంటే వెయ్యిరెట్లు నిజం.

నాకు తెలిసి ఆసుపత్రుల్లో ఒక చోటుంది. ఆరోగ్యశ్రీ డెస్కు, ఇన్సూరెన్స్ క్లెయిముల డెస్కు. క్లెయిము తిరగ్గొడితే, పాలసీ కాగితం మొత్తం చదివి, ఏ షరతు ప్రకారం రావాలో పట్టుకుని, డాక్టరు నోట్సులోంచి అవసరమైన ముక్క తీసి, సరైన ఇంగ్లీషులో ఒకటిన్నర పేజీ ఉత్తరం రాయగలిగే మనిషి ఆసుపత్రికి చాలా అవసరం, అలాంటివాళ్ళు తక్కువ. చరిత్ర, రాజనీతి శాస్త్రం చదివినవాడికి వచ్చేది ఆ విద్యే కదా, పొడుగు కాగితం చదివి అందులో అసలు మాట పట్టుకోవడం, దాన్ని ఇంకొకరికి అర్థమయ్యేలా రాయడం. ఆర్ట్స్ వల్ల డబ్బు వచ్చేది డిగ్రీ కాగితం చూసి కాదు, ఈ పని చేసి చూపించినప్పుడు. నువ్వు బిల్లింగ్‌లో ఉన్నావు కాబట్టి ఆ డెస్కు నీకు పది అడుగుల దూరంలోనే ఉంటుంది. ఉద్యోగం మానేస్తే ఆ పది అడుగులు వంద మైళ్ళవుతాయి.

గవర్నమెంటు ఉద్యోగాల మాటా చెప్పాలి, ఎందుకంటే ఏదైనా డిగ్రీ ఉంటే చాలు కదా అని నీ మనసులో ఉండే ఉంటుంది. నిజమే, గ్రూప్స్‌కు బీఏ సరిపోతుంది, వయసు కూడా నీకు దాటలేదు, 2024 గ్రూప్-1 నోటిఫికేషన్లో గరిష్ఠ వయసు 46 ఇచ్చారు. కానీ అదే ఏడాది పరీక్ష జరిగిన గ్రూప్-2లో 783 పోస్టులకు ఐదున్నర లక్షల దరఖాస్తులు వచ్చాయి. రాయి, తప్పకుండా రాయి, కానీ ఆ జీతాన్ని నమ్ముకుని అప్పు చేయకు. టీచర్ అవ్వాలంటే బీఏ తర్వాత బీఎడ్ రెండేళ్ళు, ఎడ్‌సెట్ రాయాలి, డిగ్రీలో ఓసీ వాళ్ళకు 50 శాతం మార్కులు ఉండాలి, ఆ తర్వాత టెట్, ఆ తర్వాత డీఎస్సీ. 2023లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత బీఎడ్ వాళ్ళకు ప్రాథమిక పాఠశాల పోస్టులు లేవు, స్కూల్ అసిస్టెంట్ పోస్టులకే పోటీ పడాలి. దారి ఉంది, పొడుగు దారి. బీఎడ్ రోజూ పోయి చదవాల్సిందే కాబట్టి జీతం మానే ప్రశ్న అప్పుడు మళ్ళీ వస్తుంది, అప్పటి లెక్క అప్పుడు వేద్దాం.

ఇంక చదువు సంగతి. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మొదలైంది, దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ మనదే. నేను 1990లో చేరినప్పుడు దాని పేరు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, నా చదువు సగంలో ఉండగా అంబేద్కర్ గారి పేరు పెట్టారు. తెలుగు మీడియంలో బీఏ చదవొచ్చు, చరిత్ర, తెలుగు, రాజనీతి శాస్త్రం లాంటి సబ్జెక్టులు తీసుకోవచ్చు, హనుమకొండలో స్టడీ సెంటర్ ఉంది. ఇగ్నోలో అయితే మూడేళ్ళ బీఏని ఆరేళ్ళ వరకు సాగదీసుకునే వీలుంది, పిల్లల పరీక్షలు, ఇంట్లో పెళ్ళిళ్ళు వచ్చిన ఏడాది రెండు పేపర్లు తక్కువ రాస్తే ఏమీ పోదు. ఫీజు ఏడాదికి పది వేల లోపే. పరీక్ష ఫీజులు, బస్సు చార్జీలు, నోటు పుస్తకాలతో కలిపి మూడేళ్ళకు ముప్పై వేలనుకో. నెలకు 830 రూపాయలు. దీనికి లోను ఎందుకు, మీ పిల్లల ట్యూషన్ ఫీజు కంటే తక్కువ కదా.

దూరవిద్య డిగ్రీ చెల్లదు అని నీకు చెప్పి ఉంటారు. యూజీసీ గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ, రోజూ కాలేజీకి పోయి చదివిన డిగ్రీతో సమానమని యూజీసీ 2020 నిబంధనల్లోనే ఉంది, 2022లో మళ్ళీ ప్రకటన ఇచ్చి చెప్పింది. నువ్వు చూడాల్సింది ఒకటే, చేరే ఏడాదికి ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకు దూరవిద్య గుర్తింపు ఉందా అన్నది, యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్లో ఉంటుంది. ఎక్కడో దూరపు రాష్ట్రం యూనివర్సిటీ పేరు చెప్పి గల్లీలో బోర్డు పెట్టినవాళ్ళ దగ్గరికి పోకు. "వన్ సిట్టింగ్‌లో డిగ్రీ" అనేవాళ్ళ గడప అసలే తొక్కకు.

కష్టం లేదని చెప్పను. దూరవిద్యలో డబ్బు పోయేది తక్కువ, మనిషి ఆగిపోయేది ఎక్కువ. పుస్తకాలు వస్తాయి, మొదటి వారం వాసన చూస్తాం, తర్వాత బీరువా మీద కవరు విప్పకుండా ఉండిపోతాయి. రెండో ఏడాది ఆగిపోయినవాళ్ళను నా బ్యాచీలోనే చాలామందిని చూశాను. నేను చదివిన మూడేళ్ళలో నా పెద్ద బిడ్డ పుట్టింది. మూలుగుతూ పడుకున్న పిల్లను ఒక కాలితో ఊయల ఊపుతూ పాఠం చదివిన రాత్రులు ఉన్నాయి. పొద్దున నాలుగింటికి లేచి గంటన్నర, ఆదివారం కాంటాక్ట్ క్లాసుకు. వారానికి పది గంటలు. ఆ పది గంటలు ఎవరు ఇస్తారో ఇప్పుడే ఇంట్లో కూర్చుని మాట్లాడు. మీ ఆయన ఆదివారం పూట వంట, పిల్లల సంగతి చూసుకుంటాడా? మీ అత్తమ్మ సరే అంటుందా? ఈ మాట తేలకుండా ఫీజు కట్టకు. నీకు అసలు ఖర్చు ఇదే, రూపాయలు కాదు.

ఇంకొకటి ఎవరూ చెప్పరు, అది రాసే చేతి సంగతి. నువ్వు 2009 తర్వాత మూడు గంటలు ఆపకుండా రాసి ఉండవు, రోజంతా కీబోర్డే కదా. నేను సుబేదారి ఆర్ట్స్ కాలేజీలో ఎంఏ మొదటి పేపరు రాసిన రోజు, రెండో గంటకే బొటనవేలు దగ్గర కండ పట్టేసింది, తెలిసిన ప్రశ్న ఒకటి సగంలో వదిలేసి వచ్చాను. ఆ తర్వాత రోజుకో పేజీ రాయడం మొదలుపెట్టాను, ఏదో ఒకటి, పేపర్లో వార్త అయినా సరే, చూడకుండా సొంత మాటల్లో. నువ్వు ఈ రాత్రి నుంచే మొదలుపెట్టు.

నీ ప్రశ్న చివర ఒక వాక్యం రాశావు, "ఈ వయసులో చరిత్ర చదివి ఏం చేస్తావని అందరూ అంటున్నారు" అని. దానికి నా దగ్గర జీతం లెక్క లేదు, ఒక సంగతి ఉంది. నేను పుట్టి పెరిగింది వేయిస్తంభాల గుడికి నడిచిపోయేంత దూరంలో. ఆ ఆవరణలోని శాసనం రాయిని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, దానికి ఆనుకుని బఠాణీలు తిన్న రోజులున్నాయి. ఎంఏ చదివేటప్పుడు ఒక ఆదివారం పుస్తకం పట్టుకుని పోయి ఆ రాయి ముందు నిలబడ్డాను. శక సంవత్సరం 1084, అంటే 1163. రుద్రదేవుడు వేయించింది. శివుడికీ, విష్ణువుకీ, సూర్యుడికీ కలిపి కట్టిన గుడి అని, తన తాత తండ్రుల నుంచి తాను గెలిచిన యుద్ధాల దాకా వరుసగా చెప్పుకున్నాడు. చాళుక్యులకు లోబడి ఉన్న కాకతీయులు ఇక మా రాజ్యం మాదే అని నిలబడిన కాలానికి ఆ రాయి సాక్ష్యం అని చరిత్రకారులు అంటారు. ముప్పై ఐదేళ్ళు రోజూ చూసిన రాయి ఆ రోజు నాతో మాట్లాడింది. నా కాళ్ళ కింద నేల ఎవరిదో, ఎలా వచ్చిందో తెలిసిన మనిషిగా ఇంటికి నడిచాను. ఇది డబ్బుతో కొలిచేది కాదు కాబట్టే దీన్ని అప్పు పెట్టి కొనొద్దంటున్నాను. నెలకు 11 వేల కిస్తీ నెత్తి మీద ఉన్న మనిషికి ఆ రాయి ముందు పదినిమిషాలు నిలబడే మనసు మిగలదు. నీకు ఆ చదువు ప్రశాంతంగా దక్కాలి.

అప్పు ఎప్పుడూ తప్పే అని కూడా అనుకోకు. నువ్వు బీఏ బాగా చదివి, ఎంట్రన్స్ రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో, ఇఫ్లూలోనో (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) ఎంఏ సీటు తెచ్చుకున్నావనుకో, అక్కడ ఫీజులు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ, అప్పుడు హాస్టలుకూ ఇంటి ఖర్చుకూ లక్ష రూపాయలు కావాలంటే నేనే నీతో బ్యాంకుకు వచ్చి కాగితాలు నింపిస్తాను. చదువుకునే కాలంలోనే మిత్తి ఎప్పటికప్పుడు కడితే ఒక శాతం తగ్గించే వెసులుబాటు చాలా బ్యాంకుల్లో ఉంది, అది కూడా అడుగుదాం.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని ఒకటుంది, అడ్మిషన్లు మొదలయ్యేలోపే. నీ టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ బయటికి తీసి చూడు. టీసీ ఆ కాలేజీలోనే ఉండిపోయిందేమో, పదహారేళ్ళు అయింది కదా, పోయి అడుగు. మెమో పోయి ఉంటే ఇంటర్ బోర్డు నుంచి డూప్లికేట్ రావడానికి టైమ్ పడుతుంది. అన్నింటికంటే ముఖ్యం, మెమోలో మీ నాన్న ఇంటిపేరు ఉంటుంది, ఆధార్‌లో పెళ్ళయ్యాక అత్తగారి ఇంటిపేరు మార్పించుకున్నావా? ఇప్పుడు దూరవిద్యలో చేరాలంటే యూజీసీ పోర్టల్లో డెబ్ ఐడీ (దూరవిద్య విద్యార్థులకిచ్చే నంబరు) తీసుకోవాలి, అది ఆధార్‌తో ముడిపడి ఉంటుంది. రెండు కాగితాల్లో పేరు రెండు రకాలుగా ఉంటే చివరి తేదీ రోజు మీసేవ చుట్టూ తిరగాల్సి వస్తుంది, మా ఇంటి పక్కమ్మాయి పోయినేడాది ఒక సెషన్ అలాగే పోగొట్టుకుంది. ఈ ఆదివారమే బీరువా తెరిచి రెండూ పక్కపక్కన పెట్టి, అక్షరం అక్షరం సరిచూసుకో, ఏదైనా తేడా కనపడితే ఇక్కడే రాయి, ఏ కాగితం మార్చడం తేలికో చెప్తాను.